పిలవకుండా కొట్టిన మేకు

మా అన్న కొట్టంలో ఉన్న బర్రెలన్నిటి మీదా ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. బర్రెల మీద ఒట్టంటే చిన్న విషయం కాదు. తప్పితే పాలు విరుగుతాయి. పాలు విరిగితే మా అన్న నా నడుం విరగ్గొడతాడు. ఇంట్లో నా మాటకున్న విలువ నాకు తెలియనిదేమీ కాదు. వాన పడుతోందని నేను అరిస్తే మా వదిన కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి, తడిసిందని తేల్చుకున్నాకే దండెం మీది బట్టలు తీస్తుంది. అయినా ఈ ఒక్కసారికి నమ్మండి.

పేర్లు మాత్రం అడగొద్దు. మావాళ్ల పేర్లు చెబితే వాళ్లు నన్ను తంతారు. ఇందులో ఒక క్రికెట్ ఓపెనర్ ఉన్నాడు, ఆయన పేరు చెబితే మీరు నేను చెప్పేది వదిలేసి వాదనకు దిగుతారు. టెస్టు మ్యాచ్‌లో మొదటి బంతి ఎదుర్కోవడానికి దిగే మనిషి గొప్పవాడా, ఉత్త మంచివాడా అన్న ప్రశ్న పాతబస్తీలో పడిందంటే చేతిలో చాయ్ చల్లారిపోతుంది, పెళ్లికి బయల్దేరినవాళ్లు విందు అయిపోయాక చేరతారు.

మాది కిషన్‌బాగ్. తాత నాటి నుంచీ పాల వ్యాపారం. పంపకాలప్పుడు బర్రెలన్నీ అన్నకు వెళ్లాయి, కట్టుకథలన్నీ నాకు వచ్చాయి. ఆ పెట్టుబడితో ఇల్లు గడవదు కాబట్టి ఫలక్‌నుమాలో ఆటోలకు సీట్లు కుట్టే దుకాణం పెట్టుకున్నాను.

మా చిన్నప్పుడు కొట్టంలో ఒక నల్ల బర్రె ఉండేది. బర్రె నల్లగా కాక ఇంకెలా ఉంటుందని నవ్వకండి, పక్కన నిలబడ్డ బర్రెలు తెల్లగా కనపడేంత నలుపు దానిది. రేడియోలో కామెంటరీ వినపడనిదే అది పాలు చేపేది కాదు. ఆస్ట్రేలియాలో మ్యాచ్‌లు సరిగ్గా మాకు పాలు పితికే వేళకే మొదలయ్యేవి కదా, దానికి అలా అలవాటైంది. కామెంటరీ ఇంగ్లీషులో వస్తే చిక్కటి పాలు, హిందీలో వస్తే ఎక్కువ పాలు. మనవాళ్ల వికెట్ పడితే మాత్రం బకెట్ తన్నేది. పితికేది మా అన్న. ఓపెనర్ వికెట్ పారేసుకుంటే ఇంటికి ఎంత నష్టమో ఈ దేశంలో మా అన్నకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

అందుకేనేమో, అన్న కూడా ఓపెనరే అయ్యాడు. బార్కస్ మైదానంలో ఆడే జట్టుకు అన్న ఒక వైపు, భాయ్ ఇంకో వైపు. భాయ్ అంటే బార్కస్‌లో హోటల్ భాయ్. ఆయన ముత్తాతలు అరబ్ దేశం నుంచి నిజాం ఫౌజులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆయన తండ్రి హోటల్‌కు మా బాపు పాలు పోసేవాడు. ఇప్పుడు భాయ్ హోటల్‌కు మా అన్న పోస్తాడు. పొద్దున పాలక్యాను దించి, గల్లాపెట్టె పక్కన ఉన్న బెంచీ మీద భాయ్‌తో కలిసి ఒక చాయ్ తాగి, క్రికెట్ గురించి ఒక గంట కొట్లాడి ఇంటికి రావడం అన్నకు యాభై ఏళ్లు దాటినా తప్పని అలవాటు. ఆ గంట లేకపోతే మిగిలిన రోజంతా ఆయనకు ఎటు పోవాలో తెలియదు. ఈ మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే నేను చెప్పబోయేది ఆ గంట గురించే.

ఆటలో ఇద్దరి తీరూ వేరు. భాయ్ కొట్టేవాడు. అన్న ఆపేవాడు, లేకపోతే వదిలేసేవాడు. పరుగు తీయాలంటే వాళ్లకు ఒక పద్ధతి ఉండేది. ఒకరు "ఆజా!" అని పిలవాలి. రెండోవాడు "ఆయా!" అని బదులివ్వాలి. బదులు రాకుండా ఎవరూ కాలు కదపకూడదు. రమ్మంటే వస్తున్నా అనడం, అంతే. అంత చిన్న మాట కోసం ఇంత పెద్ద గొడవ జరుగుతుందని అప్పుడెవరనుకున్నారు.

ఒక ఏడాది వాళ్ల జట్టు ఫైనల్‌కు చేరింది. అన్న బ్యాటింగ్‌కు వెళ్లినప్పుడు మైదానం అంచున జామచెట్టు పూత మీద ఉంది. అన్న అవుటయ్యేసరికి కాయలు కోసి తోపుడుబండి మీద అమ్ముతున్నారు. బౌలర్లలో ఒకడికి ఆ మధ్యలోనే మీసాలు మొలిచాయి. అంపైర్ ఇంటికెళ్లి భోంచేసి, కాసేపు కునుకు తీసి వచ్చి "స్కోరెంత?" అనడిగితే వెళ్లేటప్పుడు ఎంత ఉందో అంతే ఉంది. కొత్త బంతి మెరుపంతా అన్న బ్యాటుకూ కాళ్లకూ పక్కటెముకలకూ తగిలి పోయింది. అది మెత్తబడ్డాక భాయ్ ఇటు నాలుగు, అటు నాలుగు కొట్టుకుంటూ పోయాడు. చప్పట్లన్నీ భాయ్‌కే.

గెలుపు దగ్గరికి వచ్చింది. భాయ్‌కు ఉత్సాహం ఆగలేదు. బంతిని మెల్లగా నెట్టి, "ఆజా" అనకుండానే పరుగెత్తుకొచ్చేశాడు. అన్న గీతకు ఒక అడుగు బయట నిలబడి ఇంకా బంతినే చూస్తున్నాడు. తల తిప్పేసరికి భాయ్ ఆయన్ను దాటి ఈ చివర గీతలో ఉన్నాడు, ఆ చివర వికెట్లు ఎగిరిపోయాయి. పొద్దున్నుంచీ ఎవరూ తీయలేని అన్న వికెట్‌ను స్వయంగా భాయే తీశాడన్నమాట. అన్న విసిరిన బ్యాటు పక్కింటి రేకుల మీద పడింది. మ్యాచ్ పోయింది. ఇద్దరికీ మాటలు పోయాయి.

మాటలు కలిపింది భాయ్ వాళ్ల నాన్న. ఇద్దరినీ హోటల్‌లో కూర్చోబెట్టి, ఖాళీ గోడ చూపించి తీర్పు చెప్పాడు. "ఈ గోడ మీద గొప్ప గొప్ప ఓపెనర్ల ఫోటోలు పెడ్తం. ఎవరిది పెట్టాల్నో మీరిద్దరే చెప్పాలె. ఒకడు ఆజా అనాలె, ఇంకొకడు ఆయా అనాలె. బదులు రాకుంట మేకు కొట్టిన్రో, ఇద్దరినీ హోటల్ల నుంచి బయటికి తోల్తా."

ఆయన కాలం చేసి ఎన్నో ఏళ్లయింది. కానీ ఆ చట్టం అలాగే ఉంది. ఇన్నేళ్లలో గోడకెక్కినవి మూడే మూడు ఫోటోలు. ఒక్కోదానికి నెలల తరబడి విచారణ జరిగింది. ఒక ఓపెనర్ విషయంలో అయితే భాయ్ "ఆజా" అన్నది ఒక రంజాన్‌కు, అన్న "ఆయా" అన్నది మరో రంజాన్‌కు.

ఇక మొన్నటి సంగతి. మన ఓపెనర్ ఒకాయన టెస్టులు ఆడటం మానేశానని చెప్పేశాడు. చూడటానికి ఏమంత ముచ్చటైన ఆటగాడు కాదు. బ్యాటు పట్టుకుని నిలబడితే బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడ్డట్టు ఉంటాడు. ఆయన ఆడిన బంతుల కంటే వదిలేసిన బంతులే ఎక్కువ గుర్తొస్తాయి. విదేశాల్లో పచ్చిగడ్డి ఉన్న పిచ్‌ల మీద పొద్దుటి పూటంతా దెబ్బలు తిని, బంతి పాతబడ్డాక అవుటై వెళ్లిపోయేవాడు. తర్వాత వచ్చినవాళ్లు సెంచరీలు కొట్టి పేపర్లకెక్కేవాళ్లు. మన దేశంలో మాత్రం, స్పిన్నర్ చేతికి బంతి వచ్చిందంటే ఈయన కాళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మానేసేవి.

ఆ వార్త వచ్చిన మర్నాడు దుకాణానికి వెళ్తూ, క్యాను దించడానికి సాయంగా అన్నతో పాటు నేనూ హోటల్‌కు వెళ్లాను. అన్న గడపలోనే ఆగిపోయాడు. మూడు ఫోటోల పక్కన గోడకు కొత్త మేకు. దానికి వేలాడుతూ, గాజు ఫ్రేములో, ఆ ఓపెనర్.

"భాయ్, గా మేకేంది?" అన్నాడు అన్న.

"రాత్రే కొట్టిన యార్. ఫ్రేమ్ గూడ కట్టిపిచ్చిన. చూడు, ఎంత ముద్దుగున్నడో."

"ముద్దుగుంటే అల్లున్ని చేస్కో. గోడకెట్ల ఎక్కిస్తవ్?"

"అరే, గొప్పోడు గాదా?"

"మంచోడు. గొప్పోడు గాదు."

"ఫారెన్ల ఎట్ల నిలబడ్డడు యార్! బంతి పాములెక్క వంకర్లు తిరుగుతుంటే..."

"ఫారెన్ల నిలబడ్డడు, ఇంట్ల కూలబడ్డడు. పరాయి కొట్టంల పాలిచ్చి మనింట్ల బకెట్ తన్నే బర్రెను నువ్వు గొప్ప బర్రె అంటవా?" అన్నాడు అన్న. తర్వాత గొంతు తగ్గించాడు. "అది గాదు భాయ్ లొల్లి. ఆజా అన్నవా నువ్వు? నన్ను అడిగినవా?"

భాయ్ గల్లాపెట్టె మీద చెయ్యి రాస్తూ అన్నాడు. "నువ్వు ఎట్లనో ఒప్పుకుంటవనుకున్న."

"ఆ రోజు గూడ గిట్లనే అనుకున్నవ్," అన్నాడు అన్న.

అన్న చాయ్ తాగకుండా వెళ్లిపోయాడు. ఆ బెంచీ మీద చాయ్ తాగకుండా అన్న వెనక్కి తిరగడం నేను అంతకు ముందెన్నడూ చూడలేదు.

మర్నాటి నుంచి హోటల్‌కు పాలు తీసుకెళ్లే పని నా మెడకు చుట్టుకుంది. "పాలు పాపం ఏం చేసినయ్, పోసి రా," అన్నాడు అన్న. నేను తీసుకెళ్లాను. భాయ్ క్యాను మూత కూడా తీయలేదు.

"వాపస్ తీస్కపో తమ్మీ."

"ఏంది భాయ్ గట్లంటవ్? పాలు మంచిగలేవా?"

"పాలు మంచిగనే ఉంటయ్. పాలతోని మనిషి రావాలె. మనిషి రాకుంట ఉత్త పాలొస్తే నేనేం జేస్కోవాలె?"

క్యాను వెనక్కి తెచ్చాను. భాయ్ ప్యాకెట్ పాలతో చాయ్ పెట్టడం మొదలుపెట్టాడు. ఆ చాయ్ గురించి చెడుగా మాట్లాడను. ఒకాయన తాగి, డబ్బులిచ్చేటప్పుడు "ఈ గంజి ఏ బియ్యంది భాయ్?" అని మర్యాదగానే అడిగాడు. ఆ మాటకు కూడా భాయ్ కదల్లేదు. ఫోటో గోడ మీదే ఉంది, అన్న ఇంట్లోనే ఉన్నాడు.

ఇంట్లో ఉన్న అన్నతో వదినకు నరకం కనపడింది. బెంచీ మీద కూర్చోవలసిన ఆ గంటసేపు ఆయన వంటింటి గడప మీద కూర్చునేవాడు. పప్పులో పోపు ముందే వేశావన్నాడు. రొట్టె తిప్పడం ఆలస్యం చేశావన్నాడు. మూడో రోజు నేను వాకిట్లో బండి ఆపగానే వదిన చేతిలో రొట్టెల పీటతోనే ఎదురొచ్చింది.

"ఏం మరిదీ, ఆ టీవీల ఓపెనర్ గొప్పోడైతే నాకేంది, గాకుంటే నాకేంది? నా వంటింట్ల కూసున్న ఈ ఓపెనర్‌ను ముందు బయటికి తోలు. అవుటే అయితలేడు!"

లోపలి నుంచి అన్న గొంతు వినిపించింది. "నేనేం ఎవరికి అడ్డమొస్తలేనే."

"అడ్డమొస్తలేవ్, నిలువుగ కూసున్నవ్!"

సరే, నేనే మధ్యవర్తిగా దిగాలనుకున్నాను. ముందు భాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయన హోటల్ వెనక, పెద్ద గిన్నెలో హరీస్ దంచుతున్నాడు. గోధుమలూ మాంసమూ తెల్లవారుజాము నుంచీ ఉడికించి, బరువైన కర్ర రోకలితో గంటల తరబడి మెదిపితేనే అది హరీస్ అవుతుంది. చెమటలు కారుతున్నాయి.

"చూడు తమ్మీ," అన్నాడు రోకలి ఆపకుండానే, "గిది తిన్నోడు ఏమంటడు? వారెవా, నెయ్యి మస్తుగున్నదంటడు. పైన చెంచతోని ఏసిన నెయ్యి కనపడ్తది. కింద దంచిందెవడన్న అడుగుతడా? ఆ ఓపెనర్ దంచినోడు. నెయ్యోళ్లు వేరే ఉన్నరు."

"గదే మాట మా అన్నకు చెప్పరాదే?"

భాయ్ రోకలి ఆపాడు. "మీ అన్న దంచిండు, నేను నెయ్యినైన. కొత్త బంతి దెబ్బలన్నీ వానికి, చప్పట్లన్నీ నాకు. వాని ఫోటో గోడకు పెడ్తనంటే పెట్టనిస్తడా? ఫ్రేమ్ నా నెత్తి మీదనే పగలగొడ్తడు. అందుకె..." అని ముంజేత్తో మొహం తుడుచుకున్నాడు. "గిది వానికి చెప్పకు. నీకు కడుపుల మాట ఆగదని తెల్సు. గిది మాత్రం ఆపు."

ఆపాను. నమ్మండి, ఆపాను. బర్రెల మీద ఒట్టు ఇంకా నడుస్తోంది.

ఇంటికొచ్చి అన్న పక్కన కూర్చున్నాను. ఎందుకన్నా అంత పట్టుదల అనడిగాను. అన్న దూడను నిమురుతూ చెప్పాడు.

"తమ్మీ, నేను గూడ గట్లనే ఆడిన గదా. ఎందుకాడిన? కొట్టరాక ఆడిన. బంతి మీదికొస్తే పానం గుబుల్మనేది. అందుకె ఇడిసిపెట్టేటోన్ని. భయపడుడు గొప్పతనమంటే నాకెట్లనో అనిపిస్తది. ఆయన లోపల ఏమున్నదో నాకు ఎరుకరా."

ఇదీ సంగతి. ఒకాయన ఆ ఓపెనర్‌లో తన జతగాణ్ని చూసి గోడకెక్కించాడు. ఇంకొకాయన ఆ ఓపెనర్‌లో తనను తాను చూసుకుని దించమంటున్నాడు. ఇద్దరి మాటా విన్నది నేనొక్కణ్నే. ఎవరి మాటా ఎవరికీ చెప్పే వీల్లేదు.

అప్పుడు అన్నకు ఆయన వ్యాపారం మాటే ఎత్తాను. "బర్రెను సంతల ఒక్క చూపు చూసి కొంటవా అన్నా? మూడు పూటలు పితికి చూస్తవు గదా. ఈ మనిషిని గూడ గట్లనే చూద్దాం."

పాలవాళ్లకిది పాత కట్టుబాటు. అమ్మేవాడు ముందురోజు పాలు పితకకుండా వదిలేసి, పొదుగు నిండుగా చూపిస్తాడు. అందుకని మొదటి పూట పాలు లెక్కలోకి తీసుకోరు. ఆ తర్వాత రెండు పూటలూ కళ్లముందు పితికించి, అప్పుడు మాట ఖాయం చేస్తారు. అన్నకు ఈ మాట నచ్చింది, భాయ్ కూడా సరేనన్నాడు. మూడు ఇన్నింగ్స్ చూడాలి, ఒకటి భాయ్ ఎంచాలి, ఒకటి అన్న, ఒకటి అంపైర్. అంపైర్ ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడు ఇద్దరూ విడివిడిగా నా పేరే చెప్పారు. "వాడు ఇద్దరికీ సమానంగ అబద్ధాలు చెప్తడు," అన్నాడట భాయ్. నా జీవితంలో నాకు దక్కిన అతి పెద్ద గౌరవం అది.

ఆదివారం పొద్దున అన్న హోటల్‌కు వచ్చాడు. బెంచీ మీద కాకుండా, ఎదుటి బల్ల దగ్గర కొత్త గిరాకీలాగా కూర్చున్నాడు. భాయ్ గల్లాపెట్టె దగ్గర. మధ్యలో నేను. ఫోన్‌ను టీవీకి కలిపి, పాత మ్యాచ్‌లు పెట్టాం. చాయ్ తాగడానికి వచ్చినవాళ్లు తాగేసి కూడా లేవలేదు.

మొదటి పూట భాయ్‌ది. మన దేశంలోనే కొట్టిన సెంచరీ. ఫోర్లూ, చప్పట్లూ, హెల్మెట్ తీసి ఆకాశానికి చూపడమూ. అన్న టీవీ వైపు చూడనే లేదు. బల్ల మీది ఉప్పు సీసా తిప్పుతూ, "మొదటి పూట లెక్కలకు రాదు," అన్నాడు.

"అరే, స్పిన్నర్లను ఎట్ల కొట్టిండో చూడు యార్!"

"పిచ్చు రొట్టెలెక్క ఉన్నది భాయ్. దాని మీద మా వదిన గూడ కొడ్తది," అని నేనన్నాను. అంపైర్‌కు నోరు మూసుకునే అలవాటుండాలని ఎవరో వెనక నుంచి అన్నారు.

రెండో పూట అన్న ఎంచినది, భయముంటే అక్కడే బయటపడుతుందని. విదేశంలో మొదటి రోజు పొద్దున, మబ్బు పట్టిన ఆకాశం, పచ్చటి పిచ్. ఒక్కో బంతీ పడ్డాక ఎటు పోవాలో చివరి నిమిషంలో ఆలోచించుకుంటున్నట్టుంది. ఆయన వదిలేస్తున్నాడు. ఒకటి చేతి కింది నుంచి, ఒకటి ముక్కు ముందు నుంచి. ఒక బంతి పక్కటెముకల్లో దిగింది. ఆయన రుద్దుకోలేదు. మళ్లీ నిలబడ్డాడు. ఇంకో బంతి ఆఫ్ స్టంప్ పక్కన పడింది. అప్పుడు చూశాను, టీవీలో ఆయన చేతులు పైకి లేపి బంతిని వదిలేస్తుంటే, బల్ల దగ్గర మా అన్న చేతులు కూడా లేచాయి. లేని బ్యాటును భుజం మీదికి ఎత్తుకున్నాడు. ఇన్నేళ్ల తర్వాత, పంచె కట్టుకుని, ఉప్పు సీసా ముందు కూర్చుని, మా అన్న ఒక బంతిని వదిలేశాడు. భాయ్ చూశాడు, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

"గట్టోడే," అన్నాడు అన్న చేతులు దించుకుని. "మూడో పూట కానియ్."

మూడోది నేను ఎంచాను. చివరి రోజంతా నిలబడి ఆయన మ్యాచ్‌ను కాపాడిన ఇన్నింగ్స్ అది. ఆ మ్యాచ్ నేను అప్పట్లోనే పూర్తిగా చూశాను, కానీ అందులో ఇంకొకటి ఉందన్న సంగతి మరిచిపోయాను. గుర్తుంటే చచ్చినా పెట్టేవాణ్ని కాదు. ఆయన ఎంతోసేపు గోడలా నిలబడ్డాక, ఇక కొద్దిసేపు గడిస్తే చాలనగా, అవతలి చివర ఉన్న కుర్రవాడు బంతిని నెట్టి, పిలుపూ గిలుపూ లేకుండా పరుగెత్తుకొచ్చేశాడు. మన ఓపెనర్ గీత బయట నిలబడి బంతినే చూస్తున్నాడు. తల తిప్పేసరికి వాడు దాటిపోయాడు, ఆ చివర వికెట్లు ఎగిరిపోయాయి.

హోటల్లో ఆ పాత ఫైనల్ సంగతి తెలియనివాడు లేడు. అందరూ ముందు అన్నను చూశారు, తర్వాత భాయ్‌ను చూశారు, చివరికి నన్ను చంపేసేలా చూశారు. సరిగ్గా అప్పుడే నెట్ ఆగింది. బొమ్మ అక్కడే బిగుసుకుపోయింది. ఓపెనర్ పిచ్ మధ్యలో, ఆ కుర్రవాడు తల వంచుకుని ఎదురుగా. మధ్యలో తెల్లటి చక్రం ఒకటి తిరుగుతోంది.

"తర్వాత ఏమైంది?" అన్నాడు అన్న. "నువ్వు చూసినన్నవ్ గదా. ఏం జేసిండు?"

చెప్పాను. ఆ ఓపెనర్ ఎవరినీ ఏమీ అనలేదనీ, బ్యాటు విసరలేదనీ, పెవిలియన్ వైపు నడుస్తూ ఆ కుర్రవాడి పక్కన ఒక్క క్షణం ఆగి, తన బ్యాటుతో వాడి బ్యాటును మెల్లగా తట్టాడనీ, 'ఇక నువ్వు చూసుకో' అన్నట్టుగా తలూపి వెళ్లిపోయాడనీ, ఆ కుర్రవాడు మిగిలిన సమయమంతా నిలబడి మ్యాచ్ కాపాడాడనీ.

చక్రం తిరుగుతూనే ఉంది. భాయ్ లేచి, బల్ల ఎక్కి, మేకు నుంచి ఫోటో తీశాడు. దించేస్తున్నాడేమో అనుకున్నాం. కిందికి దిగి, ఫోటోను ఛాతీకి ఆనించుకుని అన్న ముందు నిలబడ్డాడు.

"యార్, ఆ రోజు నేను పిలువలే. మొన్న గూడ పిలువలే," అన్నాడు. "ఇయ్యాల పిలుస్తున్న. ఆజా?"

అన్న ఆ ఫోటో వైపు చూశాడు. గాజు మీద భాయ్ వేళ్ల మరకలు ఉన్నాయి. పంచె కొంగుతో వాటిని తుడిచాడు.

"బంతిని ఇడిసిపెట్టుడు నాకు గూడ వచ్చు. దెబ్బలు తినుడు గూడ వచ్చు. అందుకె గొప్పగాదన్న. గని గా బ్యాటు తట్టుడున్నది సూడు..." అన్నాడు అన్న. "గది నాతోని కాలే. ఆయా."

భాయ్ బల్ల ఎక్కి ఫోటో తగిలించి వచ్చాడు. అన్న ఎదుటి బల్ల దగ్గర నుంచి లేచి, గల్లాపెట్టె పక్కన బెంచీ మీదికి మారాడు. భాయ్ రెండు చాయ్‌లు తెప్పించాడు. అన్న ఒక గుక్క తాగి మొహం అదోలా పెట్టాడు.

"గిదేం చాయ్ భాయ్? ప్యాకెట్లు కడిగిన నీళ్లా?"

"తమ్మీ," అన్నాడు భాయ్ నా వైపు తిరిగి, "రేపటి నుంచి నువ్వు రాకు. పాలతోని మనిషొస్తడు."

ఫోటో ఇప్పటికీ గోడ మీద ఉంది, నాలుగోది. వెళ్లి చూడొచ్చు.

ఇక ఆ ఒట్టు. బర్రెల మీద వేశాను కాబట్టి అది నన్ను ఊరికే ఉండనివ్వడం లేదు. మీరు అనుమానించేవన్నీ నిజమే. కామెంటరీ విని పాలు చేపిన బర్రె నిజం, జామకాయలు నిజం, బౌలర్ మీసాలు నిజం. నేను కల్పించింది ఒక్కటే, ఆ బ్యాటు తట్టడం. ఆ మ్యాచ్ నేను చూడలేదు. ఆ రోజంతా దుకాణంలో ఒక ఆటోకు ఎర్ర సీటు కుడుతూ ఉన్నాను. మ్యాచ్ కాపాడాడని ఎవరో అంటే విని ఎంచాను. బొమ్మ ఆగిపోయి అన్న "ఏం జేసిండు" అనేసరికి, నోటికి వచ్చింది చెప్పాను.

ఇది చివరిదాకా దాచేవాణ్నే. కానీ మర్నాడు పొద్దున కొట్టంలో అన్న క్యాను నింపుతూ, నా వైపు చూడకుండానే అన్నాడు.

"ఆ మ్యాచ్ నేను చూసిన తమ్మీ. పెవిలియన్ మెట్ల కాడ ఒక కుర్చీ ఉండె. దాన్ని బ్యాటుతోని ఎగరగొట్టిండు. బ్యాటు తట్టలే, ఏం తట్టలే."

నేను వెళ్లి క్యానుకు అడ్డంగా నిలబడ్డాను.

"మరి ఎరుకుండి గూడ ఆయా అని ఎందుకన్నవన్నా?"

అన్న క్యాను మూత బిగించి బండికి తగిలించాడు. బార్కస్ వైపు బండి తిప్పుకుని, స్టార్ట్ చేశాడు.

"భాయ్ ఆజా అన్నడు గదరా," అన్నాడు.